తార్నాకలో చైనా బీరువా: ఆరు రోజులు

మొదటి రోజు, బుధవారం

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో దిగేసరికి ముసురు పట్టి ఉంది. పెద్ద వాన కాదు, సన్నగా ఆగకుండా పడే రకం, ఉతికిన బట్టలు ఆరవు, డబ్బాలో అటుకులు కూడా మెత్తబడతాయి, ఇక ఇంట్లో పాత పుస్తకాలుంటే వాటి సంగతి చెప్పక్కర్లేదు. ఆటో ఎక్కి విద్యానగర్ పిన్ని వాళ్ళింటికి వెళ్తున్నంతసేపూ నా బుర్రలో అదే తిరుగుతోంది, ఆ బీరువా ఏ గోడకి ఆనించి పెట్టారో, ఆ గోడకి చెమ్మ ఉందో లేదో, తలుపులు తెరిచి ఎన్నాళ్ళయిందో.

నేను ఢిల్లీలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో చైనీస్ పుస్తకాల సెక్షన్ చూస్తుంటా, పదకొండేళ్ళు నిండాయి. పుట్టి పెరిగింది నల్లకుంటలో, లైబ్రరీ సైన్స్ చదివింది ఉస్మానియాలో, చైనీస్‌లో మొదటి గీతలు దిద్దింది మన ఇఫ్లూలోనే (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), అప్పటికింకా ఆటోవాళ్ళు దాన్ని సీఫెల్ అనే పిలిచేవాళ్ళు. పోయిన నెల ఒక ఫోన్ వచ్చింది. తార్నాకలో ఒక హిస్టరీ లెక్చరర్ ఉండేవారట, పోయి నాలుగేళ్ళయింది, ఇంట్లో బీరువా నిండా చైనీస్ పుస్తకాలున్నాయట, పిల్లలిద్దరూ అమెరికాలో, ఆంటీ ఒక్కరే ఉంటున్నారు, ఇల్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు, దసరా లోపు ఖాళీ చెయ్యాలి, మీరొచ్చి ఒకసారి చూస్తారా అని. ఇల్లు ఖాళీ చెయ్యడం అనే మాట వింటే మా లైనులో ఉన్నవాళ్ళకి గుండె జారుతుంది, ఎందుకంటే ఆ ముందురోజు దాకా ఉన్న పుస్తకాలు ఆ మర్నాటికి ఎక్కడికి పోతాయో అందరికీ తెలిసిందే. ఆ రోజే సెలవు పెట్టి టికెట్ బుక్ చేసా.

పిన్ని సర్వపిండి చేసి పెట్టింది. తింటుంటే అడిగింది, "గీ చైనా బుక్కులు మన దేశంల ఎవలు సదువుతరే?" అని. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. శాంతినికేతన్‌లో చీనా భవన్ 1937లోనే పెట్టారు పిన్నీ, అప్పట్నుంచీ చదివేవాళ్ళు ఉంటూనే ఉన్నారు, తక్కువమందే అనుకో, కానీ మన ఊళ్ళ సంగతులు మన దగ్గర లేనివి వాటిల్లో ఉన్నాయి అని చెప్పా. "గట్లనా" అని ఇంకో ముక్క వేసింది.

రెండో రోజు, గురువారం

అడిక్‌మెట్ మీదుగా ఉస్మానియా క్యాంపస్‌లోంచి తార్నాక. చెట్లన్నీ కడిగినట్టున్నాయి. ఇల్లు పాతకాలంది, ముందు జామచెట్టు, వరండాలో ఎర్రగచ్చు, గేటు మీద సార్ పేరు సగం చెరిగిపోయింది.

ఆంటీకి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. "లోపలికి రా బిడ్డా, చెప్పులు ఆడ్నే ఇడువు, తడిసినయ్" అన్నారు. చాయ్ ఇచ్చారు, ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు, మా అమ్మానాన్నల గురించి అడిగారు, పెళ్ళి గురించి అడిగారు, బీరువా మాట మాత్రం ఎత్తట్లేదు. నేను కూడా ఎత్తలేదు. ఇలాంటి ఇళ్ళకి వెళ్ళినప్పుడు నేను నేర్చుకున్నది ఒకటే, మనం వెళ్ళింది పుస్తకాల కోసమే అయినా వాళ్ళకి అవి ఇంకా ఆ మనిషే.

ఒక గంటకి ఆవిడే చెప్పారు. సార్ 1970ల్లో జీతం లేని సెలవు పెట్టి ఢిల్లీ వెళ్ళి చైనీస్ నేర్చుకున్నారట, ఇంట్లో చిన్నపిల్లలు, ఆవిడ టీచర్ జీతంతో ఇల్లు నడిపారు. ఎందుకంటే హుయాన్‌త్సాంగ్ మన ఆంధ్రదేశం గురించి ఏం రాశాడో ఇంగ్లీషులో కాకుండా అసలుది చదవాలని ఆయన పట్టు. చదివారు. ఆ తర్వాత ఎక్కడెక్కడినుంచో పుస్తకాలు తెప్పించుకుంటూ పోయారు. రిటైర్ అయ్యాక పదిమందికీ పనికొస్తాయని రెండు గోనెసంచుల నిండా 62 పుస్తకాలు ఒక లైబ్రరీకి ఇచ్చారు. మూడేళ్ళ తర్వాత ఏదో చూసుకోవాలని వెళ్తే లేవు. రిజిస్టర్ తీసి చూపించారట, "చైనా బుక్స్ 62" అని ఒకే ఒక్క లైను. పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్ళిపోయాయి.

"ఆయన ఆ రోజు అన్నం ముట్టలే. నేను మల్ల ఎవ్వలకి ఇయ్యద్దనుకున్న. ఈ బీరువ తాళం నా కొంగుకే ఉంటది" అన్నారు.

నాకు కడుపు తరుక్కుపోయింది. అది ఎలా జరిగుంటుందో నాకు అక్షరం అక్షరం తెలుసు. లైబ్రరీలోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ యాక్సెషన్ రిజిస్టర్‌లో ఒక లైను రాయాలి, నంబరు, తేదీ, రచయిత, పేరు, ఎవరేశారు, ఏ ఏడు. పేరు చదవలేకపోతే ఆ లైను రాయలేరు. లైను లేకపోతే నంబరు లేదు, నంబరు లేకపోతే స్టాక్ వెరిఫికేషన్‌లో ఎవరూ వెతకరు, వెతకని పుస్తకం మూలన పడి ఉంటుంది, మూలన పడున్నదాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు క్లీన్ చేస్తారు. పుస్తకం ఆ తూకం రోజున పోలేదు, గోనెసంచి విప్పినరోజు దాని పేరు ఎవరూ రాయనప్పుడే పోయింది.

ఆంటీ ఒక షరతు పెట్టారు. "నా కండ్ల ముందట ఒక్కొక్క బుక్కు పేరు తెలుగుల రాసి సూపెట్టు. ఏ బుక్కు యాడికి పోతదో నాకు ఎరుక కావాలె. అప్పుడు తీస్కపో." సరే ఆంటీ అన్నా. ఎన్నున్నాయో చూడకుండానే సరే అనేసా.

అప్పుడు కొంగుముడి విప్పి తాళం తీశారు. టేకు బీరువా, అద్దాల తలుపులు, లోపల కలరా ఉండల వాసన, అరల మూలల్లో ఎండిన వేపాకు. వేపాకు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చైనాలో పాతకాలంలో పురుగు పట్టకుండా హువాంగ్‌పో అనే చెట్టు బెరడు రసంతో కాగితానికి పసుపు రంగు పట్టించేవాళ్ళు, లండన్‌లో ఉన్న 868 నాటి వజ్రసూత్రం కూడా అలాంటి కాగితమే, అచ్చయిన తేదీ ఉన్న పుస్తకాల్లో మనకి దొరికిన అతి పాతదైన పూర్తి పుస్తకం అది. వాళ్ళ బెరడు, మన వేపాకు, చేదు పని చేదే చేస్తుంది. అన్ని అరలూ లెక్కపెట్టాం. 437.

మూడో రోజు, శుక్రవారం

ఇవాళ్టి రోజు మొత్తం నేల మీద కూచునే గడిచింది. ఇఫ్లూలో చైనీస్ చదువుతున్న ఒక అమ్మాయి సాయానికి వచ్చింది, కరీంనగర్ వైపు పిల్ల, చాలా చురుకు. ల్యాప్‌టాప్‌లో మూడు కాలమ్స్ పెట్టుకున్నాం, చైనీస్ అక్షరాల్లో పేరు, పిన్‌యిన్‌లో, అంటే చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఇప్పటి పద్ధతిలో పేరు, తెలుగులో పేరు. మూడోది ఆంటీ కోసమే కదా అనుకున్నా మొదట.

పని ఎలా ఉంటుందో కొంచెం చెప్తా, ఎందుకంటే చాలామంది చైనీస్ వస్తే చాలు కదా అనుకుంటారు. పుస్తకం చేతిలోకి తీసుకోగానే నేను ముందు చూసేది వెనక అట్ట కింద మూల. ప్రపంచమంతా పుస్తకాలకి వేసే ఐఎస్‌బీఎన్ నంబరుకి చైనా మారకముందు అక్కడ వాళ్ళదే ఒక నంబర్ల పద్ధతి ఉండేది, 1956 నుంచి 1986 దాకా. 10019 అని మొదలైతే, 10 అంటే సాహిత్యం, 019 అంటే బీజింగ్‌లోని పీపుల్స్ లిటరేచర్ పబ్లిషింగ్ హౌస్. 11018 అంటే చరిత్ర, చుంగ్‌హ్వా ప్రెస్. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ఈ నంబర్లు తెలిస్తే సాహిత్యం ఒక కుప్ప, చరిత్ర ఒక కుప్ప పెట్టేయొచ్చు. ఆ అమ్మాయికి చెప్తే పది నిమిషాల్లో ఒక అర మొత్తం విడగొట్టేసింది. ఆంటీ కూడా కళ్ళద్దాలు పెట్టుకుని "ఇది పదకొండు, ఇది పది" అంటూ అందించడం మొదలెట్టారు.

తైవాన్ పుస్తకాలతో జాగ్రత్తగా ఉండాలి. వాటి మీద ఏడాది 71 అని ఉంటుంది, 1971 అనుకుని రాసేస్తారు. అది రిపబ్లిక్ లెక్క, 1911 కలపాలి, అంటే 1982. ఒక్క ఈ తప్పు వల్ల ఎన్ని క్యాటలాగుల్లో ఎన్ని పుస్తకాలు పదకొండేళ్ళు ముందే పుట్టేశాయో.

ఒక అక్షరం ఎలా పలకాలో తెలీనప్పుడు డిక్షనరీలో వెతకడమే పెద్ద పని, మనలాగా అకారాది క్రమం లేదు కదా. 1716 నాటి ఖాంగ్‌షీ నిఘంటువు 214 మూలరూపాల కింద 47 వేల పైచిలుకు అక్షరాల్ని సర్దింది. ఆ తర్వాత 1920ల్లో వాంగ్ యున్‌వూ అనే ఆయన నాలుగు మూలల పద్ధతి కనిపెట్టాడు, అక్షరాన్ని ఒక గది అనుకుని నాలుగు మూలల్లో ఏ ఆకారం ఉందో చూసి ఒక్కో మూలకి ఒక్కో అంకె. అడ్డగీత 1, నిలువుగీత 2, చుక్క 3, పెట్టె 6, ఇలా. వాంగ్ అంటే రాజు, మూడు అడ్డగీతలు మధ్యలో ఒక నిలువు గీత. పై ఎడమ మూల అడ్డగీత 1, పై కుడి మూలలో ఉన్నదీ అదే గీత కాబట్టి 0, కిందా అంతే, మొత్తం 1010. సార్ దగ్గర ఈ పద్ధతి డిక్షనరీ ఉంది, వాడి వాడి అంచులు నల్లబడ్డాయి. ఫోన్‌లో వేలితో గీస్తే అక్షరం చెప్పే యాప్‌లున్న రోజుల్లో ఆ అమ్మాయి దాన్ని అంత ఇష్టంగా తిప్పుతుంటే నాకు భలే అనిపించింది.

మధ్యాహ్నం అడుగు అరలో నీలం గుడ్డ అంటించిన అట్టపెట్టె దొరికింది, ఎముకతో చేసిన చిన్న కొక్కేలు. లోపల దారంతో కుట్టిన ఆరు పలచటి పుస్తకాలు. పై చీటీలు ఊడిపోయాయి, పేరు లేదు. ఇలాంటి పుస్తకంలో కాగితానికి ఒకవైపే అచ్చు వేసి, దాన్ని మధ్యకి మడిచి, మడత బయటికి వచ్చేలా పెట్టి, తెరుచుకునే అంచుల్ని లోపలికి కుట్టేస్తారు. తెలీనివాళ్ళు పేజీలు కొయ్యకుండా వదిలేశారనుకుని బ్లేడుతో మడత కోసేస్తారు. మొదటి పుస్తకానికి అదే అయింది, ఒకసారి సార్ బైండింగ్‌కి ఇస్తే అతను మంచి మనసుతోనే మొత్తం కోసిచ్చాడట. కానీ మిగతా అయిదు బాగున్నాయి. ఆ మడత మీదే ప్రతి కాగితానికీ పుస్తకం పేరు ఉంటుంది, అక్షరం సరిగ్గా మడత మీద పడుతుంది కాబట్టి సగం ఈ పక్క సగం ఆ పక్క. వేళ్ళతో మెల్లగా మడత వెడల్పు చేసి చూస్తే రెండు సగాలూ కలిసి థాంగ్ అని కనపడింది. థాంగ్ కాలం కవితలు మూడొందలు, 1763లో కూర్చిన సంకలనం, మన ఇళ్ళల్లో వేమన శతకం ఉన్నట్టు అక్కడ ఇంటింటా ఉండేది. ఆంటీని పిలిచి చూపించా. "ఇదా, ఇది ఆయన పొద్దుగూకినంక సదివేటోడు, పైకి సదివేటోడు, నాకు అర్థంగాకున్నా ఇనేదాన్ని" అన్నారు.

సాయంత్రం ఆవిడే లోపల్నుంచి ఒక బాటా చెప్పుల డబ్బా తెచ్చారు. అందులో సార్ స్వయంగా రాసుకున్న కార్డులు, 391. అంటే ఆయన తన పుస్తకాలకి తనే క్యాటలాగ్ రాసుకున్నారు! పేర్లు వేడ్-జైల్స్ పద్ధతిలో ఉన్నాయి, చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పాత పద్ధతి అది, అప్పట్లో అందరూ అదే వాడేవాళ్ళు, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా 2000 అక్టోబర్ 1న కానీ పిన్‌యిన్‌కి మారలేదు. ఆ పద్ధతిలో ఒత్తు ఉన్న శబ్దానికి అక్షరం పక్కన చిన్న కామాలాంటి గుర్తు పెట్టాలి. టైపిస్టులు దాన్ని తరచుగా వదిలేసేవాళ్ళు. గుర్తు పోతే కొంప మునుగుతుంది, థాంగ్ అంటే ఆ రాజవంశం, తాంగ్ అంటే రాజకీయ పార్టీ, గుర్తు లేకుండా ఇంగ్లీషులో రెండూ ఒకటే. సార్ ఏం చేశారంటే ప్రతి కార్డు మీదా పేరు కింద ఎర్ర సిరాతో తెలుగులో రాసుకున్నారు. త వేరే, థ వేరే. ప వేరే, ఫ వేరే. చ, ఛ. క, ఖ. మన అక్షరాల్లో ఆ తేడా పుట్టుకతోనే ఉంది కదా.

నేను పదకొండేళ్ళుగా ఈ పని చేస్తూ కూడా తెలుగులో రాసి చూడాలని ఒక్కసారీ అనుకోలేదు. పిన్‌యిన్‌లో బీజింగ్ అని బీ పెట్టి రాస్తాం, వాళ్ళ నోట్లో అది బ కాదు, ఒత్తులేని ప, పెయ్‌చింగ్. తెలుగులో ఉన్నదున్నట్టు రాయొచ్చు. ఆంటీ కోసం పెట్టుకున్న మూడో కాలమ్‌ని ఆ రాత్రి పిన్ని వాళ్ళింట్లో కూచుని మొదటి నుంచీ మళ్ళీ రాసా, సార్ పద్ధతిలో.

నాలుగో రోజు, శనివారం

పొద్దున్నే హుయాన్‌త్సాంగ్ దొరికాడు. 1985లో చుంగ్‌హ్వా వాళ్ళు వేసిన పుస్తకం, చీ ష్యెన్‌లిన్ గారు ఇంకొందరు పండితులతో కలిసి వివరణలతో తయారుచేసింది. 646లో పూర్తయిన యాత్రా గ్రంథం, 12 భాగాలు, మన సంగతి పదో భాగంలో. అక్కడ ఒక రిబ్బన్ పెట్టి ఉంది, పేజీ దానంతటదే తెరుచుకుంది.

ఆంధ్ర అన్న మాటని ఆయన మూడు చైనీస్ అక్షరాల్లో పట్టుకున్నాడు, ఇప్పటి ఉచ్చారణలో అన్‌తాలువొ. రాజధాని ఫింగ్‌ఛీలువొ, ఇరవై లీల పైన చుట్టుకొలత, లీ అంటే చైనావాళ్ళ దూరపు కొలత. సార్ పక్కన పెన్సిల్‌తో "వేంగి" అని రాసి కింద గీత గీశారు, పండితులు కూడా అదేనంటారు. ఆ తర్వాత ఒక వాక్యం ఉంది, దాని చుట్టూ ఆయన పెట్టె గీశారు. ఇక్కడివాళ్ళ మాట, యాస మధ్యభారతం కంటే వేరు, రాత మాత్రం చాలావరకు అదే పద్ధతి అని. పదమూడు వందల ఏళ్ళ పైన అయింది. నడుచుకుంటూ వచ్చిన ఒక చైనా భిక్షువు చెవిలో తెలుగు పడింది, ఇది వేరే భాష అని ఆయన గుర్తుపెట్టుకుని ఇంటికెళ్ళాక రాశాడు. నేను ఆ వాక్యం ఇంతకుముందు స్క్రీన్ మీద చదివా, కానీ తార్నాకలో, ఒక తెలుగు మాస్టారు పెన్సిల్ పెట్టె మధ్యలో చదివితే కళ్ళు చెమర్చాయి. ఆంటీకి అనువదించి చెప్పా. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "దీనికేనా ఢిల్లీకి వొయ్యింది" అన్నారు.

ఈ ఒక్క మనిషి పేరు లైబ్రరీల్లో ఎన్ని రకాలుగా ఉంటుందో చూడండి. మన స్కూలు పుస్తకాల్లో హుయాన్‌త్సాంగ్, ఇంగ్లీషు పాత అనువాదాల్లో ఒకాయన హ్యూయెన్ త్సియాంగ్ అన్నాడు, ఇంకొకాయన యువాన్ చ్వాంగ్ అన్నాడు, పిన్‌యిన్‌లో ఎక్స్‌తో మొదలయ్యే షువాన్‌జాంగ్. అక్షరక్రమంలో ఒకటి హెచ్‌లో, ఒకటి వైలో, ఒకటి ఎక్స్‌లో. ఇవన్నీ ఒకే మనిషి అని ఎవరో ఒకరు కూచుని కలిపి రాయాలి, దాన్నే మేం అథారిటీ రికార్డు అంటాం. ఎవరికీ కనపడని పని, కానీ అది చెయ్యకపోతే గుంటూరు నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్ హెచ్‌లో వెతికి లేదనుకుని వెళ్ళిపోతాడు.

నాగార్జునుడి సంగతీ అంతే. చైనీస్‌లో ఆయన లుంగ్‌షు, మాటకి మాట చెప్తే డ్రాగన్ చెట్టు. శాతవాహన రాజుకి ఆయన రాసిన ఉత్తరంగా చెప్పే సుహృల్లేఖ సంస్కృతంలో పోయింది, చైనీస్, టిబెటన్ అనువాదాల్లో మిగిలింది. చైనీస్‌లోకి తెచ్చినవాళ్ళలో యీచింగ్ ఒకడు, అదే మన ఇత్సింగ్. కృష్ణ ఒడ్డున మనవాళ్ళ మధ్య నడిచిన మాటలు చదవాలంటే ఇవాళ మనం ఆ భాషల దగ్గరికి వెళ్ళాలి.

మధ్యాహ్నం ఆంటీకి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంటే నేను సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్ళా. చిన్నప్పుడు గడియారం కోసం పరిగెత్తేవాళ్ళం, ఈసారి నేరుగా చైనా గదులకి. నీలం తెలుపు పింగాణీ, ఆకుపచ్చ సెలడాన్ పళ్ళేలు, విషం తగిలితే పగిలిపోతాయని నవాబులు నమ్మేవాళ్ళంటారు. జనం బాగా ఉన్నారు, ఎక్కువసేపు నిలబడలేకపోయా. వస్తూ వస్తూ మూసీ పక్కన అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ముందు ఆగా. 1891లో ఆసఫియాగా మొదలైంది, నా డిగ్రీ రోజుల్లో ఎన్ని మధ్యాహ్నాలు ఆ ఎత్తు కప్పు కింద గడిపానో. రీడింగ్ హాల్లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా కూచుని ఉన్నారు. చాలా సంతోషం వేసింది.

అయిదో రోజు, ఆదివారం

ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు. వాన వస్తూ పోతూ ఉంది, చినుకు పడగానే అందరూ ఒకేసారి నీలం పట్టాలు కప్పడం, ఆగగానే తియ్యడం. చైనీస్ పుస్తకం ఒక్కటీ దొరకలేదు, దొరుకుతుందని పెద్ద ఆశ కూడా లేదు. చైనా రీకన్‌స్ట్రక్ట్స్ పాత సంచికలు మూడు దొరికాయి, 1952లో సుంగ్ చింగ్‌లింగ్ మొదలెట్టిన ఇంగ్లీషు పత్రిక, 1990లో చైనా టుడే అని పేరు మారింది. మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు మన తరం మొత్తానికీ గుర్తే, వాటి పక్కన ఇవీ ఉండేవి కొన్ని ఇళ్ళల్లో. మూడూ కలిపి వంద రూపాయలకి తీసుకున్నా. అమ్మిన తాత తడవకుండా రెండు కవర్లు వేసి ఇచ్చాడు.

సాయంత్రం పిన్నితో గుడికి. రాత్రి లిస్టు పని, ఒంటిగంట దాకా.

ఆరో రోజు, సోమవారం

ఆఖరి అర. సార్ కార్డుల్లో లేని 46 పుస్తకాలు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి, చివరి రోజుల్లో వచ్చినవేమో. వాటి వెనక వరసలో, గోడవైపుకి, ఒకే రకం అట్టలతో ఎనిమిది పుస్తకాలు. 10019. సాహిత్యం. తీసి చూస్తే లువొమొయెన్‌నా.

రామాయణం! వాల్మీకి రామాయణం మొత్తం, సంస్కృతం నుంచి నేరుగా, అంత్యప్రాసలతో. చేసింది శనివారం చెప్పిన చీ ష్యెన్‌లిన్ గారే. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆయన్ని పెకింగ్ యూనివర్సిటీలో స్టూడెంట్స్ హాస్టల్ గేటు దగ్గర కూచోబెట్టారు, ఫోన్లు ఎత్తడం, ఉత్తరాలు అందివ్వడం. 1973లో మొదలుపెట్టి, ఆ గేటు దగ్గరే, ఎవరికీ తెలీకుండా చిన్న చిన్న కాగితాల మీద రాసుకుంటూ పోయారు. పుస్తకాలుగా 1980 నుంచి 84 దాకా వచ్చాయి, ఏడు కాండలు, యుద్ధకాండ రెండు పుస్తకాలు కాబట్టి ఎనిమిది. 2008లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది, తొంభై ఆరేళ్ళకి వచ్చింది. ఈ మనిషి గురించి నేను ఎవరికి చెప్పినా గొంతు మారిపోతుంది.

ఆంటీ పక్కన కూచున్నారు. ఒక్కో అట్టా తీసి పేరు చదివి తెలుగులో చెప్తూ పోయా. థుంగ్‌న్యెన్ ఫ్యెన్, అంటే బాల్యం, బాలకాండ. తర్వాత అయోధ్య. తర్వాత అడవి. నాలుగోది హౌక్వో ఫ్యెన్, కోతుల రాజ్యం, కిష్కింధ, ఆవిడ నవ్వారు. అయిదోది మెయ్‌మ్యావ్ ఫ్యెన్.

"అంటే?"

"అందమైనది. సుందరం."

చెయ్యి చాపారు. ఇచ్చా. తిరగేసి, మధ్యలో ఒక పేజీ తెరిచి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. ఆయన ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజులూ ఆవిడ రోజూ సుందరకాండ పారాయణం చేశారట, తెలుగుది. ఈయన దగ్గర కూడా ఒక సుందరకాండ ఉందని ఆవిడకి తెలీదు.

"ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా బిడ్డా? సెట్టు ఖరాబైతదా?"

సెట్టు విడగొట్టకూడదు అనేది మా పనిలో మొదటి పాఠం. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఉంచుకోండి ఆంటీ అన్నా.

మిగతా పని త్వరగానే అయింది. డిక్షనరీలు 9, పాఠ్యపుస్తకాలు 14 ఆ కరీంనగర్ అమ్మాయికి, ఆంటీయే స్వయంగా అందించారు, నాలుగు మూలల డిక్షనరీ పైన పెట్టి. మిగిలినవి 413, పదహారు అట్టపెట్టెలు, ఒక్కో పెట్టెలో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఉన్నాయో పైన రాసి, లోపల పాలిథీన్ పరిచి ఢిల్లీకి పార్సిల్ బుక్ చేశాం. కార్డుల డబ్బా మాత్రం పార్సిల్‌లో వెయ్యలేదు, నా బ్యాగులో పెట్టుకున్నా. లిస్టు మొత్తం ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఆంటీకి ఇచ్చా. ఆవిడ మొదటి పేజీ నుంచీ పైకి చదవడం మొదలెట్టారు, థాంగ్ దగ్గర థ ని గట్టిగా ఒత్తి మరీ పలికారు. చీకటి పడేదాకా విన్నా.

రాత్రి పిన్ని వాళ్ళింట్లో కూచుని రామాయణం రికార్డు తయారుచేసా, మిగతావి ఢిల్లీ వెళ్ళాక చేస్తా కానీ ఇదొక్కటి ఇక్కడే చెయ్యాలనిపించింది. పేరు చైనీస్‌లో ఒకసారి, పిన్‌యిన్‌లో ఒకసారి, మా సిస్టమ్‌లో ఆ రెండూ 880 అనే ఫీల్డుతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. తెలుగుకి చోటు లేదు, నోట్స్ ఫీల్డులో రాసా, లువొమొయెన్‌నా అని, సార్ ఒత్తుల పద్ధతిలో. ఎవరి పుస్తకాలో రాసా. ఎన్ని సంపుటాలున్నాయో చెప్పే చోట, 8 సంపుటాలు, 5వది లైబ్రరీలో లేదు, హైదరాబాద్‌లో దాత కుటుంబం దగ్గర ఉంది అని రాసి సేవ్ చేసా.

పొద్దున్నే ట్రైన్.